ఓడ ఎక్కేలోపు ముప్పై గంటలు

మానేరు ఇసుకలో శవం దొరికిన మూడో రోజు ఏజెంట్ హనుమండ్లుకు హైదరాబాదు నుంచి పిలుపు వచ్చింది.

చనిపోయినవాడు సర్వేయరని పోలీసులు రాసుకున్నారు. కాదని తెలిసినవాళ్ళు నలుగురే. వాళ్ళలో ఒకరు చీఫ్.

"కూర్చో. టైమ్ లేదు." చీఫ్ ఫైల్లోంచి ఫొటో తీసి బల్ల మీద పెట్టాడు. "డాక్టర్ హోల్ట్. మాంగనీస్ వెతికే జియాలజిస్టునంటాడు. నాలుగేళ్ళుగా ఉట్నూరు, జైనూరు అడవుల్లో జీపులో తిరుగుతున్నాడు. రాళ్ళు పేల్చడానికి డైనమైట్ లైసెన్సు ఉంది. తెప్పించిన సరుకులో సగం రాళ్ళకు ఖర్చు కాలేదు."

"మిగతా సగం?"

"అది వెతుకుతూనే మనవాడు పోయాడు. ఎల్లుండి జవాన్ల స్పెషల్ ఒకటి కాజీపేట మీదుగా ఉత్తరాదికి వెళ్తుంది. పన్నెండు వందల మంది. దారిలో వంతెనలు, కల్వర్టులు డెబ్భై పైచిలుకు. ఎక్కడ పేలుస్తారో తెలియదు."

అది 1965 ఆగస్టు. సరిహద్దు సంగతులు పేపరు తెరిస్తే చాలు, తెలిసిపోతున్న రోజులు.

"హోల్ట్‌ను లోపలేస్తే?"

"నోరు విప్పడు. మీట నొక్కేవాడు వేరే ఉన్నాడు. బాస్ దొరికాడని తెలిస్తే చోటు మారుస్తాడు, అంతే." చీఫ్ గొంతు తగ్గించాడు. "రేపు మధ్యాహ్నం పన్నెండుకు హోల్ట్ కరీంనగర్ వస్తాడు. ఎల్లుండి సాయంత్రం ఆరుకు బయలుదేరి బాంబే వెళ్ళి, 'మర్జానా' అనే ఓడ ఎక్కుతాడు. ముప్పై గంటలు. ఈలోగా ఊరు చూస్తాడట. గుడి, వెండి పని, కోట. టూరిస్టు వేషం. నువ్వు అతని టాక్సీ డ్రైవరువి. పేరు మొండయ్య. ఇంగ్లీషు ముక్క రాదు."

హనుమండ్లును చూసి గూఢచారి అని ఎవరూ అనుకోరు. నలభై రెండేళ్ళు, బట్టతల, మోకాళ్ళ నొప్పి. ఇంగ్లీషు మాత్రం ధారాళంగా వచ్చు.

చీఫ్ రెండో ఫొటో పెట్టాడు. నల్లకళ్ళద్దాలు, సన్నటి చిరునవ్వు. చూసినవాళ్ళు మళ్ళీ చూసే ముఖం.

"హోల్ట్ సెక్రటరీ. బీరూట్ నుంచి వచ్చిన మదాం నాదియా. అతని జీతం తీసుకుంటుంది. పని మనకు చేస్తుంది. అసలు పేరు ఖుద్సియా. కరీంనగర్ పిల్లే. పోలీస్ యాక్షన్ నాటికి పదేళ్ళది, తల్లి పోయాక మేనమామ వెంట సముద్రం దాటింది. ఆమెకు తెలుగు వచ్చని హోల్ట్‌కు తెలియదు. అతనికి మరాఠీ వచ్చు, గోండీ వచ్చు, తెలుగు రాదు."

"చోటు ఆమెకు చెప్పలేదా?"

"బతికుండబోయేవాళ్ళకు చెప్పడు." చీఫ్ ఫొటోను బోర్లించాడు. "ఇంతకుముందు ఇద్దరు సెక్రటరీలు అతనితో ఓడ ఎక్కారు. ఒక్కరూ దిగలేదు. ఓడలో వాంతులు రాకుండా మాత్ర ఇస్తాడట. ఆ మాత్రతోనే పోయారు."

"ఆమెకు తెలుసా సార్?"

"తెలుసు."

"మరి తప్పిద్దామా?"

చీఫ్ కిటికీ వైపు తిరిగాడు. "నువ్వే చెప్పు, ఎలాగో."

హనుమండ్లు రెండు ఫొటోలూ ఫైల్లో పెట్టి లేచాడు.

* * *

నల్ల అంబాసిడర్ ట్రావెలర్స్ బంగళా ముందు ఆగేసరికి పన్నెండు దాటి ఐదు నిమిషాలైంది. స్టెప్నీ టైరు లోపల వైర్‌లెస్ సెట్టు ఉంది. రామగుండంలో మన మనిషి ఒకడు పొద్దున్నుంచి చెవులకు ఫోన్లు తగిలించుకుని కూర్చున్నాడు. చిక్కల్లా ఒక్కటే. సెట్టు పల్లంలో పలకదు, ఎత్తుకు ఎక్కితేనే సిగ్నల్ అందుతుంది.

హోల్ట్ పొడగరి. చేతిలో వెండి పిడి ఉన్న కర్ర. కుంటివాడు కాదు, అయినా కర్ర వదలడు. వెనకే ఆమె వచ్చింది.

"డ్రైవర్, ఓడలో సముద్రం వైపు కిటికీ దొరుకుతుందా?" అని వచ్చీరాని హిందీలో అడిగింది, వేళాకోళం ఆడుతున్నట్టు.

"దొరికినా తెరవనియ్యరు మేమ్‌సాబ్."

కోడ్ కలిసింది. ఆమె కారెక్కింది.

ఆ సాయంత్రం వేములవాడ వెళ్ళారు. కోడెలను పట్టుకుని ప్రదక్షిణ చేసే భక్తులను హోల్ట్ ఫొటోలు తీశాడు. గుడి ఆవరణలోని దర్గా దగ్గర ఆమె ఒక్క నిమిషం ఆగింది. పెదవులు కదిలాయి. హోల్ట్ తిరిగి చూసేసరికి నవ్వుతోంది.

మర్నాడు ఉదయం హోల్ట్ టెలిగ్రాం ఇవ్వడానికి పోస్టాఫీసులోకి వెళ్ళాడు. కార్లో ఇద్దరే మిగిలారు. పదిహేడేళ్ళుగా వాడని భాష ఆమె నోట ఒక్కసారిగా వచ్చింది.

"అన్నా, ఏం చెప్తలేడు. రాత్రంతా కాయిదాలన్నీ ఎతికిన. ఏం దొరకలే."

"ఇంకా ఎనిమిది గంటలున్నయి చెల్లె."

"ఎనిమిదేనా?" ఆమె అద్దంలోంచి బజారును చూసింది. "ఒక్క మాట అడుగుత. మా గల్లీ జర సూపియ్యవా? వెండి పనోళ్ళ బజారు ఎనకనే. నేను కిందికి దిగను. కార్లకెళ్ళే సూస్త."

"వద్దు. ఎవలన్న గుర్తువడితె?"

"పదేండ్ల పిల్లను పోయిన. ఎవలు గుర్తువడ్తరు? గీ ఓడ ఎక్కినంక మల్ల సూసుడు ఉండదన్నా. నాకు ఎర్కే."

రూల్స్ ప్రకారం కుదరదని చెప్పాలి. హనుమండ్లు ఇరవై ఏళ్ళ సర్వీసులో రూలు తప్పలేదు. ఆ ఉదయం తప్పాడు.

* * *

వెండి తీగలతో అల్లిన పెట్టెలు చూశాక ఆ గల్లీ గుండా కారు పోనిచ్చాడు. మలుపులో ఎడ్లబండి అడ్డం వచ్చింది. పక్కనే ఒక ముసలావిడ కుంపటి మీద మక్కకంకులు కాలుస్తోంది.

"ఆగు. లోకల్ ఫుడ్!" అన్నాడు హోల్ట్. దిగి రెండు కంకులు కొని ఒకటి ఆమెకు ఇచ్చాడు. ఆమె దిగక తప్పలేదు. ఎదురుగా నీలం తలుపు ఇల్లు. ఆమె దాన్నే చూస్తూ, బొటనవేలితో వరస వరస గింజలు ఒలిచి, గుప్పిట్లోకి తీసుకుని నోట్లో వేసుకుంటోంది.

ముసలావిడ విసనకర్ర ఆపింది.

"అగో, నువ్వు లతీఫున్నీసా బిడ్డవు గాదు? ఖుద్సియా! నేను బాలవ్వను బిడ్డా. మీ అవ్వ సచ్చిపోతే నిన్ను నా ఒళ్ళె పండవెట్టుకున్న గాదే!"

ఖుద్సియా ముఖం కదల్లేదు. నల్లకళ్ళద్దాలు సర్దుకుని వచ్చీరాని హిందీలో అడిగింది. "డ్రైవర్, ఈమె ఏమంటోంది?"

హనుమండ్లు దిగి వెనక తలుపు తెరిచి పట్టుకున్నాడు. "ఇంకెవరో అనుకుంటుంది మేమ్‌సాబ్," అని హిందీలో చెప్పి, బాలవ్వ వైపు తిరిగాడు. "కాదవ్వా. ఈమె పరదేశపామె."

"పరదేశపామెనా?" బాలవ్వ చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. "అట్లనే అవుపడ్డది. ఏమనుకోకు తల్లీ."

ఖుద్సియా కారెక్కి కూర్చుంది. ఒళ్ళో గుప్పిట బిగించి ఉంది. గింజలు అందులోనే ఉండిపోయాయి.

"బీరూట్‌లో కూడా కంకి అలా ఒలుచుకునే తింటారా?" అన్నాడు హోల్ట్ ముచ్చటగా. "మంచి పద్ధతి."

అద్దంలో అతని కళ్ళు ఆమె గుప్పిట మీదే ఉండటం హనుమండ్లు చూశాడు.

* * *

మూడున్నరకు బంగళా వరండాలో టీ ఇచ్చారు. హోల్ట్ జేబులోంచి సీసా తీసి తెల్లటి మాత్ర ఒకటి సాసర్లో పెట్టడం హనుమండ్లు కారు తుడుస్తూ చూశాడు.

"ఓడ ఎల్లుండి కదా డాక్టర్?" అంది ఆమె.

"ఈ మధ్య సముద్రం బాగాలేదు. ముందే మొదలుపెడితే మంచిది."

ఆమె హనుమండ్లు వైపు చూసింది. అతను గుడ్డ వదిలేసి ఒక అడుగు వేశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది, జుట్టు సవరించుకుంటున్నట్టు. ఆపైన మాత్ర వేసుకుని టీ తాగింది. హోల్ట్ ఆమె గొంతునే చూస్తూ కూర్చున్నాడు.

నాలుగుంబావుకు ఎల్గందుల కోట దారి పట్టారు. ఊరు దాటాక హోల్ట్ వెనక్కి ఆనుకుని, కొత్తగా స్నేహం కలిసినవాడిలా మాట్లాడటం మొదలుపెట్టాడు. డైనమైట్ పెట్టెలన్నీ ఎప్పుడు, ఎలా చేరాయో చెప్పాడు. ఆమె అడిగింది, అతను దాచలేదు. చనిపోయేవాళ్ళ దగ్గర అతనికి మొహమాటం లేదు. మాట్లాడుతున్నది ఇంగ్లీషులో, ఇంజను మోతలో, చాలా మెల్లగా. ముందు సీట్లోకి సగమే వినిపిస్తోంది.

కోట కనిపిస్తుండగా ఆమె ముందుకు వంగి తెలుగులో గట్టిగా అంది.

"అన్నా, ఇను! మంచిర్యాల ఇవతల గోదావరి వంతెన. మూడో స్తంభం. ఐదు నలభైకి. కింద ఒగడు గాలం ఏస్కోని కూసుంటడు. మీట వాని చేతులనే ఉన్నది!"

"అది ఏం భాష?" అన్నాడు హోల్ట్.

"నేను పుట్టిన ఊరిది."

హోల్ట్ కర్ర పైకి లేచింది. దాని కొసన తుపాకీ రంధ్రం ఉంది. హనుమండ్లు స్టీరింగ్ ఒక్కసారిగా తిప్పాడు. కారు గట్టు ఎక్కి ఆగింది. గుండు కప్పు చీల్చుకుని పోయింది. రెండోది పేలేలోపు జాకీ రాడ్డు హోల్ట్ మణికట్టు మీద పడింది. ఐదు నిమిషాల్లో అతన్ని స్టీరింగుకు కట్టేశాడు.

నాలుగు నలభై. ఊళ్ళోకి వెళ్ళి ట్రంక్ కాల్ బుక్ చేస్తే లైను దొరకడానికి రెండు గంటలు. మిగిలింది కోట గుట్ట ఒక్కటే. హనుమండ్లు టైరు చీల్చి సెట్టు బయటకు తీశాడు.

"ఇంగ్లీషు వచ్చు కదూ డ్రైవర్?" హోల్ట్ ప్రశాంతంగా అన్నాడు. "అయితే విను. ఆమెకు ఇంకో అరగంట టైముంది. ఆస్పత్రికి తీసుకెళ్ళు. మందు పేరు చెప్తాను. కడుపు కడిగితే బతుకుతుంది. గుట్ట ఎక్కి దిగేసరికి నాకు కూడా ఏమీ చేతకాదు."

హనుమండ్లు సెట్టు భుజాన పెట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఊరు పాతిక నిమిషాలు.

ఖుద్సియా కారు చక్రానికి ఆనుకుని కూర్చుంది. పెదవులు పాలిపోయాయి.

"వాడు ఆశ పెడుతుండు. వాని మాట ఇనకు."

"నిజంగనే చెప్తుండేమో చెల్లె."

"అయ్యుంటది. అందుకే చెప్తుండు." ఊపిరి తీసుకుంది. "గల్లీ సూపియ్యమన్నది నేనే. నువ్వు పరేషాన్ గాకు. బాలవ్వ పిలుసుడు వాడు ఇనకుంటే ఇయ్యాల మాత్ర ఇయ్యకపోవు. మాత్ర మింగకుంటే జాగ చెప్పకపోవు. పో అన్నా. ఎక్కు!"

అతను ఎక్కాడు.

సగం మెట్లు విరిగిపోయి ఉన్నాయి. మోకాళ్ళు మొరాయించాయి. రెండుసార్లు పడ్డాడు, సెట్టును గుండెకు అదుముకునే పడ్డాడు. బురుజు చేరేసరికి ఐదు పద్దెనిమిది. ఏరియల్ నిలబెట్టాడు. మొదటిసారి బరబర తప్ప ఏమీ లేదు. రెండోసారీ అంతే. ఐదు ఇరవై ఆరుకు రామగుండం పలికింది.

"మూడో స్తంభం. రిపీట్, మూడో స్తంభం. రైలు ఆపండి!"

"స్పెషల్ ఇప్పుడే స్టేషన్ దాటింది. ముందు సిగ్నల్ దగ్గర పట్టుకుంటాం. ఓవర్."

ఆ తర్వాత పద్నాలుగు నిమిషాలు హెడ్‌ఫోన్లలో ఏమీ వినిపించలేదు. కింద కారు అగ్గిపెట్టెంత ఉంది. దాని పక్కన తెల్లటి చుక్క. అది కదులుతోందా లేదా అన్నది అక్కడి నుంచి తెలియలేదు.

ఐదు నలభై ఒకటికి రామగుండం మళ్ళీ పలికింది. రైలు వంతెనకు వంద గజాల ఇవతల ఆగింది. జవాన్లు దూకి గట్టు కిందికి పరిగెత్తారు. గాలం పారేసి మీట మీదికి చెయ్యి చాచినవాడు, చెయ్యి ఆనేలోపే గుండు తగిలి నీళ్ళలో పడిపోయాడు. మూడో స్తంభం నుంచి డైనమైట్ పెట్టెలు దింపుతున్నారు.

హనుమండ్లు దిగేసరికి ఖుద్సియా చక్రానికి అలాగే ఆనుకుని ఉంది. కళ్ళద్దాలు పక్కన పెట్టుకుంది. చెయ్యి చల్లగా ఉంది. ఆ పక్కనే కూర్చుని, ఆమె వినదని తెలిసీ చెప్పాడు.

"రైలు ఆగింది చెల్లె."

స్టీరింగుకు కట్టి ఉన్న హోల్ట్ ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

* * *

మర్నాడు కరీంనగర్ ఖబరస్తాన్‌లో, రికార్డుల్లో ఏ పేరూ లేకుండా, లతీఫున్నీసా సమాధి పక్కన ఒక గుంట తవ్వారు. హనుమండ్లు, ముల్లా, మరో ఇద్దరు. గోడ అవతల బాలవ్వ నిలబడి ఉంది. ఎవరు చెప్పారో, అసలు చెప్పారో లేదో హనుమండ్లు అడగలేదు.

"నాకు తెలుసు కొడుకా," అంది ఆమె. "నిన్న కాదన్నప్పుడే తెలుసు. పరాయామెకు గట్ల గొంతు వణకదు."

హనుమండ్లు తను చేసిన తప్పు చీఫ్ ముందు దాచకుండా చెప్పాడు. చీఫ్ ఫైలు మూసి తాడు కట్టాడు. "నువ్వు ఆ తప్పు చెయ్యకపోతే రైలు పోయేది," అన్నాడు చివరకు. అది క్షమించడమో కాదో ఇద్దరికీ తెలియలేదు. హోల్ట్ విచారణకు ముందే అతని దేశం అతన్ని అడిగింది. మన దేశం ఇచ్చింది.

సంగతి పేపర్లకు ఎక్కలేదు. పన్నెండు వందల మంది ఉత్తరాదికి చేరారు. రెండు గంటలు ఆలస్యమైందని దారి పొడుగునా విసుక్కున్నారు. రైలు ఆగినందుకు కారణం రాసే గడిలో ఏం రాయాలని స్టేషన్ మాస్టరు పైవాళ్ళను అడిగితే, వాళ్ళు చాలాసేపు ఆలోచించి 'పట్టాల మీద గేదె' అని రాయమన్నారు.