ఆరో చీర

ఉదయం ఏడున్నరకి కోడలు బట్టలకి ఆవిరి పట్టే స్టీమర్‌ని చేతిలోకి తీసుకుని, దాని నీళ్ల డబ్బాని కిటికీ వెలుతురులోకి ఎత్తి చూసింది. అడుగున నాలుగు చుక్కలున్నాయి. నిన్న పని కాగానే ఆ డబ్బా ఒంపి, పొడిగుడ్డతో తుడిచి ఆరబెట్టింది తనే. ఇలా జరగడం ఈ వారంలో మూడోసారి.

ఆ స్టీమర్‌ని ఆవిడ ఆషామాషీగా కొనలేదు. భర్త హోటల్లో వంటవాడు. అతని కోటు రోజూ ఉతికితే ఆరదు, ఉతక్కపోతే వేపుడు వాసన వదలదు. అందుకని మూడు దుకాణాలు తిరిగింది. నిలబెట్టే రకం గదిలో ఇంకో మనిషంత చోటు తింటుందని వద్దనుకుంది. చేత్తో పట్టుకునేవాటిని ఒక్కోదాన్నీ మణికట్టు నొప్పెట్టేదాకా ఎత్తి చూసింది. బట్టమీద నీళ్లు కక్కుతుందేమోనని అక్కడే ఆవిరి పట్టించి చూసి మరీ తెచ్చుకుంది. వాసన పోతుందా అని అడిగితే, ఒకసారికి తగ్గుతుంది, రెండు మూడుసార్లకి ఆనవాలు కూడా ఉండదని అమ్మేవాడు చెప్పాడు. అన్నట్టే అయింది కూడా. అలాంటి వస్తువుని తనకి తెలియకుండా ఇంకొకరు వాడుతుంటే ఊరుకునే రకం కాదు ఆవిడ.

భర్తని నిలదీసింది. బొత్తాలు పెట్టుకోవడానికే తీరిక లేని తను స్టీమర్ ఎక్కడ పడతానని, పోలీసు ఉద్యోగం చెయ్యాల్సినదానివి పళ్ల డాక్టరు దగ్గర చీటీలు రాస్తున్నావని అతను నవ్వుతూ వెళ్లిపోయాడు. ఇక మిగిలింది మామగారు.

ఆయన నలభై ఏళ్లు వాచీలు బాగుచేసిన మనిషి. భార్య పోయి పది నెలలైంది. ఇన్నాళ్లూ గడ్డం పెంచుకుని గోడకేసి చూస్తూ కూర్చున్నవాడు, ఈ వారం నుంచి రోజూ నున్నగా గీసుకుంటున్నాడు. కోడలు ఎన్నింటికి వస్తుందో రెండుసార్లు అడిగాడు. పార్కు బెంచీ మీద రిటైరైన టీచరమ్మతో గంటలకొద్దీ మాట్లాడుతున్నాడని పక్కింటావిడ ఊరికే చెప్పినట్టు చెప్పింది. ఇదంతా చాలదన్నట్టు, బీరువా తెరిస్తే అత్తగారి చీరలు ఆరు ఉండాల్సినచోట ఐదే ఉన్నాయి. ఆ ఐదింటి మడతలూ వంకరగా ఉన్నాయి. అత్తగారి చేతిమడత అలా ఉండదు.

ఇంకేం, కథంతా ఆవిడ బుర్రలో తయారైపోయింది. ముసలాయన చీరలకి ఒక్క ముడత లేకుండా ఆవిరి పట్టి మరీ ఎవరికో సమర్పించుకుంటున్నాడు. ఆ ఇంట్లో అత్తగారివంటూ మిగిలినవి అవే. వాటిని ఇంకొకరి ఒంటిమీద చూడటం తనవల్ల కాదనుకుంది, కళ్లనీళ్లు కూడా పెట్టుకుంది.

క్లినిక్‌లో తలనొప్పని చెప్పి పదకొండింటికే ఇంటికొచ్చింది. మామగారి గదిలోంచి బుస్సుమని ఆవిరి చప్పుడు వినిపిస్తోంది. తలుపు తోసింది. కొక్కేనికి అత్తగారి నీలం చీర వేలాడుతోంది. ఆయన ఒక చేత్తో స్టీమర్ పట్టుకుని, ముఖం చీరకి ఆనించినంత దగ్గరగా పెట్టి, కళ్లు మూసుకుని ఉన్నాడు. ఆరో చీర మడత విప్పకుండా మంచం మీద ఉంది.

"ఎవరికోసం మామయ్యా ఈ ముస్తాబంతా?"

ఆయన కంగారు పడలేదు. "వచ్చావా, మంచిదే. ఈ మిషన్ ఒకసారి చూడమ్మా. పాడైనట్టుంది."

తర్వాత మెల్లగా చెప్పుకొచ్చాడు. మొన్నొకరోజు కోడలు తన భర్త కోటుకి ఆవిరి పడుతుంటే హాలంతా హోటల్ వంటగది వాసన లేచిందట. బట్టలో నిద్రపోతున్న వాసనని ఆవిరి లేపుతుందని ఆయనకి తోచింది. ఓ చీర తీసి పట్టి చూశాడు. పౌడరూ, పంటినొప్పికని భార్య ఎప్పుడూ బుగ్గన పెట్టుకునే లవంగమూ, రెండూ కలిసి మనిషే వచ్చి నిలబడినట్టైంది. మాసిన గడ్డం ఆవిడకి పడదు కాబట్టి, మర్నాటి నుంచి గీసుకుని మరీ కూర్చున్నాడు.

"రెండోసారికి సగమే వచ్చింది. ఆ తర్వాత అదీ లేదు. ఐదు చీరలూ అయిపోయాయి. నీళ్లు మార్చాను, వేడి పెంచాను. ఆవిరి వస్తోంది గానీ ఆవిడ రావడం లేదమ్మా. ఇదొక్కటి విడిగా తీసి ఉంచాను, దీంతో చూస్తాను."

ఆయన చెయ్యి ఆరో చీర మీద పడేలోపు కోడలు ప్లగ్ పీకేసింది. మిషన్ పాడైందని ఒక్క అబద్ధం ఆడేస్తే సరిపోతుంది. కానీ రేపు ఆయన ఇంకోటి కొనుక్కొస్తాడు.

"మిషన్ బాగానే ఉంది మామయ్యా. వాసన పోగొట్టడానికే నేను దాన్ని కొన్నాను."

ఆయన స్టీమర్ కింద పెట్టి మంచం మీద కూలబడ్డాడు. "అంటే ఆవిడని నేనే పంపించేశానా?"

కోడలు ఆయన పక్కనే కూర్చుని, తను ఏమనుమానించిందో దాచకుండా చెప్పేసింది. తిడతాడనుకుంది. "టీచరమ్మా? నేను బాగుచేసిన వాచీ పది నిమిషాలు వెనక నడుస్తోందని రోజూ దులిపేస్తోందమ్మా," అంటూ నవ్వబోయి, నవ్వలేక తల దించుకున్నాడు.

కాసేపటికి ఆరో చీరని రెండు చేతులతో ఎత్తి కోడలికి అందించాడు.

"నువ్వు చూడు. నా ముక్కుని ఇక నమ్మలేను."

ఆమె మడతల మధ్య ముఖం పెట్టింది. ముందేమీ తెలియలేదు. ఊపిరి పూర్తిగా తీసుకుంటే, లోపలెక్కడో పౌడరు, దాని వెనక సన్నగా లవంగం. చీరని మడత చెదరకుండా ఒళ్లో పెట్టుకుంది.

"ఉన్నారు మామయ్యా," అంది.