లెక్కలో లేని ఏడుగురు

"డాక్టర్ గారూ, ఆ ఏడుగురూ ఏమయ్యారు?"

కుర్ర డాక్టరు తన పత్రంకేసి వంగి చూశాడు. ఆసుపత్రిలో ఎవరు పరిశోధనా పత్రం రాసినా, అచ్చుకి పంపేముందు లెక్కలు తనిఖీ చేసే గది అది. అక్కడి ఆఫీసరుకి అందరూ పెట్టిన పేరు కొర్రీల మేడం. ఏ చండశాసనురాలో అనుకుంటూ వచ్చాడు పాపం. తీరా చూస్తే కిటికీ అవతల వాన, ఇవతల ఈ అమ్మాయి.

"ఏ ఏడుగురండీ?"

"మోకాళ్ల నొప్పికి కొత్త మందు అరవై మందికి ఇచ్చానని రాశారు. ఫలితాల పట్టికలో యాభై ముగ్గురే ఉన్నారు."

"వాళ్లు మధ్యలో రావడం మానేశారు. నొప్పి తగ్గిపోయుంటుంది."

"తగ్గి మానేశారో, మందు పడక మానేశారో కనుక్కోకుండానే పాత మందు కంటే ఇదే మేలని రాసేశారా?"

ఆమె వేలు పట్టికలో ఒక్కో వరసా దిగుతోంది. అతనికి వాన చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. ఇంకో పది వరసలుంటే బాగుండుననిపించింది.

"వింటున్నారా?"

"వింటున్నానండీ. ఏడుగురు."

మందు బాగుందని తేలితే పరిశోధన విభాగంలో ఉద్యోగం ఇప్పిస్తానని పెద్ద డాక్టర్ అతనికి మాటిచ్చారు. అయినా మర్నాడు మళ్లీ ఆ గదికి బయల్దేరాడు.

"లెక్కలు దిద్దించుకోడానికి ఇస్త్రీ చొక్కా ఎందుకురా?" అంది వాళ్లక్క.

ఆ గదిలో అతనూ మేడమూ పక్కపక్కన కూర్చుని ఏడుగురికీ ఫోన్లు చేశారు. ఐదుగురు కడుపులో మంటన్నారు. ఒక బామ్మగారైతే, "నీ మందుకంటే వేణ్ణీళ్ల కాపడమే నయం నాయనా!" అని కడిగేసింది. మేడం పగలబడి నవ్వింది. ఆ నవ్వు చూసి తిట్లన్నీ మర్చిపోయాడతను.

ఏడుగురినీ కలిపి లెక్క కడితే కొత్త మందు గొప్పతనం కాస్తా కరిగిపోయింది.

"ఏడుగురే కదయ్యా, తీసెయ్," అన్నారు పెద్ద డాక్టర్.

ఆ తర్వాత నాలుగు రోజులు అతను కనపడలేదు. ఇతనూ అందరిలాంటివాడేనని ఆమె తిట్టుకుంది. తిట్టుకున్నకొద్దీ దిగులేసింది.

ఐదో రోజు తడిసి ముద్దయి వచ్చాడు. పత్రం మాత్రం తడవలేదు. పట్టికలో అరవై మందీ ఉన్నారు. చివర, కొత్త మందు పాతదానికంటే మేలని తేలలేదని రాసుంది.

"మరి ఉద్యోగం?"

"పోయిందండీ. బాధతో నాలుగు రోజులు గడప దాటలేదు. కానీ ఆ ఏడుగురినీ మింగేసి మీ మొహం చూడలేననిపించింది."

ఆమె చివరి వాక్యం మళ్లీ చదివింది. తర్వాత తనిఖీ ఫారం తీసి, ఒకచోట టిక్కు పెట్టి అతని ముందుకు జరిపింది.

"ఈ పత్రం ఇంకొకరు చూడాలి. నేను చూడకూడదు."

"మళ్లీ ఏం తప్పు చేశానండీ?"

ఫారంలో ప్రశ్న చదివాడు: రాసినవారితో మీకు వ్యక్తిగత అనుబంధం ఉందా? ఉంది అన్న గడిలో టిక్కు.

"కానీ... మన మధ్య ఇంకా ఏమీ లేదు కదండీ?"

"మీ సంగతి నాకు తెలీదు. ఉన్నదాన్ని లేదని రాయడం నాకు చేతకాదు." ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

కింద, రాసినవాళ్లకీ అదే ప్రశ్న. గడులు ఖాళీగా ఉన్నాయి. అతను పెన్ను అడిగి తీసుకున్నాడు. తొందరలో, ఉంది అన్నచోట పెట్టిన టిక్కు గడి దాటిపోయింది.

"అయ్యో, దిద్దుతానండీ."

"వద్దు," అందామె. "అలాగే ఉండనివ్వండి."