తవిటయ్య మోకాలు, మబ్బులేని వాన

రండి, ఇలా దగ్గరగా జరిగి కూర్చోండి. ఆ వెనక కబుర్లు కాసేపు కట్టిపెట్టండి, లేకపోతే తవిటయ్య మోకాలి సంగతి మీకు సగమే వినపడుతుంది.

నీలవేణి ముసలాళ్ల మోకాళ్లకు నొప్పిపట్టీలు కడుతోంది. వాన సంగతి తప్పు చెప్పీ చెప్పీ ఉపగ్రహాలన్నీ సిగ్గుతో కళ్లు మూసుకున్న కాలమది. ఉప్పుమడులకు ముసలి కీళ్లే దిక్కు. కీళ్లు సలిపితే ఆ పట్టీల్లోంచి కీలుదర్శి అనే యంత్రం వింటుంది. ఉప్పు తడవకుండా మడుల మీద తెరలు వాటంతటవే పరుచుకుంటాయి. తవిటయ్య మోకాలు సలిపిందంటే పక్క జిల్లాలో కూడా గొడుగులు విచ్చుకునేవి.

నెల రోజులుగా ఆ మోకాలు సలుపుతూనే ఉంది. తెరలు తీసింది లేదు, ఎండ తగలక మడుల్లో ఉప్పు పేరిందీ లేదు.

"సెవులేటి తాతా, ఇలగ ఎర్రగా వాచిపోనాయి?" అంది నీలవేణి.

"సెవులేనేటి? సేతి ఏళ్లూ వాచినాయి. సాయంత్రమైతే జొరం," అన్నాడు తవిటయ్య గర్వంగా. "ఈపాలి వాన పెద్దదే అమ్మీ."

"వానెక్కడుంది? మబ్బుముక్క నేదు. ఇది వాన నొప్పి కాదు. ఆస్పత్రికి పద."

పట్టీలు కట్టే గది గోడలోంచి కీలుదర్శి పలికింది. "వృద్ధుల కీళ్లనొప్పి వాన సూచన. ఉత్తమ మోకాలిని తొలగిస్తే తెరలు పనిచేయవు."

"ఇన్నావా? నానెళ్లిపోతే ఉప్పు కరిగిపోదేటి?"

"కరిగిపోతన్నది నువ్వు తాతా. నాలుగడుగులేస్తే ఆయాసం. ఒంట్లో నెత్తురన్నదే నేదన్నట్టు పాలిపోనావు."

ఆమె పట్టీ కోసేసింది. తెరలన్నీ ఒక్కసారిగా చుట్టుకుపోయాయి. ఆ గాలికి దారిన పోయే మేకలు రెండు తాటిచెట్టెక్కాయి. ఉప్పు కూలీలు కేకలేస్తూ పరిగెత్తుకొచ్చారు. నీలవేణి వెనక్కి చూడకుండా తాతను బండెక్కించింది.

ఆస్పత్రిలో రక్తం తీశారు, ఎముకల్లోని మూలుగ కూడా తీసి చూశారు. రక్తం పుట్టే చోటే క్యాన్సర్ మొదలైందని డాక్టరమ్మ చెప్పింది. కీళ్లవాపు, చెవుల ఎరుపు, జ్వరం అన్నీ దాని పనే. "ముసలితనం అనుకుని ఇంకొన్నాళ్లు ఊరుకుంటే చేయిదాటిపోయేది. ఇవాళే మందు మొదలుపెడదాం," అంది.

అక్కడ మడుల దగ్గర కీలుదర్శి పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి మనుషుల్ని అడిగింది. "ఎవరైనా చెప్పండి. వాన వస్తుందా?"

కూలీలందరూ తలలెత్తి ఆకాశంకేసి చూశారు. ఎవరికీ చెప్పడం చేతకాలేదు. అప్పుడు వాళ్లలో ఉప్పు బస్తా మీద కూర్చున్న గున్నయ్య అనే కూలీ గొంతు సవరించుకున్నాడు.

"తవిటయ్య మావకి మందేత్తే ఏసుకోమనండి, నానొద్దన్ను. మోకాలొకటి మాత్రం ఇక్కడ ఒగ్గీసి ఎల్లమనండి. మావొచ్చీదాకా దాన్ని నాను సూసుకుంటాను."