ఇద్దరికీ దూరంగా ఉన్న గడియారం

“మా అమ్మమ్మ గడియారం ఇంకా కాలేదా?” అంటూ ఆమె కౌంటర్ మీద పుస్తకం ధబీమని పెట్టింది.

“అయింది. కానీ బాగుచేసిన గడియారాన్ని వారం రోజులు గోడకి తగిలించి చూస్తేగానీ ఇవ్వను. మా షాపు పద్ధతి అది,” అన్నాడు గడియారాల మెకానిక్, కంటికున్న భూతద్దం తియ్యకుండానే.

“పోయిన వారమూ ఇదే పాట.”

“పోయిన వారం రెండు నిమిషాలు వెనకబడిందండీ.”

బయట వాన. ఆమె విసుగ్గా స్టూలు మీద కూర్చుని, పుస్తకం తెరిచి, పెదవులు కదుపుతూ గొణుక్కోసాగింది.

“అష్టోత్తరమా?” అన్నాడతను.

“స్పానిష్. పదిహేను రోజుల్లో హోటల్లో రిసెప్షన్ ఇంటర్వ్యూ. ఉద్యోగం రాకపోతే అక్కావాళ్ల ఊరెళ్లి వాళ్ల కొట్లో కూర్చోవాలి.”

భూతద్దం దానంతటదే జారి అతని చేతిలో పడింది.

“ఎక్కడ తడబడుతున్నారు?”

“నా దగ్గరున్నదానికి ఎస్తె. మీ దగ్గరున్నదానికి ఎసె. ఇద్దరికీ దూరంగా ఉన్నదానికి అకెల్. మనకైతే ఇది, అది అంటే సరిపోయేది. నోరు తిరిగేలోపే అన్నీ కలిసిపోతున్నాయి.”

అతను ఒక టైంపీసు ఆమె చేతిలో పెట్టి, ఇంకోటి తను పట్టుకున్నాడు. “చెప్పండి.”

“ఎస్తె రెలోఖ్, అంటే ఈ గడియారం,” అంది తన చేతిలోదాన్ని చూసి. అతని చేతిలోది చూసి, “ఎసె రెలోఖ్.” ఎదురు గోడ మీద టిక్కుటిక్కుమంటున్న అమ్మమ్మ గడియారాన్ని చూపించి, “అకెల్ రెలోఖ్.”

ఆ తర్వాత రోజూ సాయంత్రం పాఠం అక్కడే. గడియారం సంగతి అడిగినప్పుడల్లా అతను తల గోక్కుని, “ఇంకొంచెం చూడాలండీ,” అనేవాడు.

ఇంటర్వ్యూ అయిన మర్నాడు వానలోనే వచ్చింది. వెనకాలే అమ్మమ్మ.

“ఉద్యోగం వచ్చింది,” అంది.

“సంతోషమండీ,” అని అతను స్టూలెక్కి గడియారం దించాడు. ఇక దాచుకోవడానికి సాకేమీ మిగల్లేదు.

అమ్మమ్మ కళ్లజోడు సర్దుకుని, సెల్‌ఫోన్ పక్కన పెట్టి చూసింది. “సెకను తేడా లేదే. ఎన్నాళ్లయింది నాయనా, ఇది బాగుపడి?”

పెద్దావిడ ముందు అబద్ధం నోట రాలేదు. “పదిహేను రోజులైందండీ. తీసుకెళ్తే ఇక ఈమె రారేమోనని...”

అతనికి షాపులో గడియారాలన్నీ ఒక్కసారే గట్టిగా కొట్టుకుంటున్నట్టనిపించింది.

ఆమె తన చేతి వాచీ చూసుకుంది. “నాకు మొదటి వారమే తెలుసు. రోజూ దీంతో సరిచూసుకుంటూనే ఉన్నాను.”

“మరి అడగలేదే?”

“అడిగితే ఇచ్చేసేవారుగా.”

అమ్మమ్మ ఇద్దరినీ ఎగాదిగా చూసింది. “ఈ గడియారానికి వారానికోసారి కీ ఇవ్వాలి నాయనా. నాకు చెయ్యి అందదు, నా మనవరాలికి తీరిక ఉండదు. ఆదివారం నువ్వే రా. వచ్చేటప్పుడు మీ అమ్మని కూడా వెంటబెట్టుకురా,” అని తన గొడుగు తెరిచి ముందు నడిచింది.

ఉన్నది ఇంకొక్క గొడుగే. ఇంటిదాకా దించి రావడానికి గడియారాన్ని గుండెకి హత్తుకుని అతనూ, గొడుగు పట్టుకుని ఆమే, భుజాలు రాసుకుంటూ బయల్దేరారు.

“ఇప్పుడు దీన్నేమంటారు?” అన్నాడతను.

“ఇద్దరికీ దగ్గరే కదా,” అంది ఆమె, వానలో తడవకుండా గొడుగు అతనివైపు ఇంకాస్త వంచి. “ఎస్తె.”