కాఫీ పండు పగ

ప్రొఫెసర్‌ను ఆయన ల్యాబులోనే కాల్చి చంపారు. హంతకుడు ల్యాబుకూ, వెనకున్న కాఫీ తోటకూ నిప్పు పెట్టి, ఒకే ఒక్క ట్యూబుతో ఉడాయించాడు.

ప్రొఫెసర్ అంత్యక్రియలు ముగిశాయో లేదో, ఆయన తమ్ముడు ముల్లుకు చీఫ్ నుంచి పిలుపొచ్చింది. డిపార్ట్‌మెంటులో ఆ ఏజెంటును అందరూ ముల్లు అనే అంటారు.

"ఆ ట్యూబులో ఏముంది సార్?"

"కాఫీ పండు ఆర్ఎన్ఏ. కాయ ఎర్రబడేటప్పుడు ఏ జీన్లు మేలుకుంటాయో దాన్ని చదివితే తెలుస్తుంది. మీ అన్నయ్య మంచి పంట కోసం చదివాడు. దాన్ని కాజేసిన విదేశీ ముఠా పండే పండకుండా చేసే మందు కోసం చదువుతుంది. ట్యూబు తే, లేదంటే పాడు చెయ్యి. మీ అన్నను కాల్చిన ఆ సిల్క్ చొక్కాగాణ్ని మాత్రం చంపకు, వాడు ప్రాణాలతో కావాలి. పగ ఇంట్లో పెట్టి రా."

"ఇంట్లో ఎవరున్నారని సార్, అప్పగించి రావడానికి?"

ఎయిర్‌పోర్టు కార్గోలో కోల్డ్ రూం. సరుకు పరీక్షించడానికి ముఠా పిలిపించుకున్న టెక్నీషియన్‌ను మనవాళ్ళు దారిలోనే ఎత్తేశారు. అతని కోటు, తెల్ల విగ్గు, సోడాబుడ్డి కళ్ళద్దాలతో ముల్లు లోపలికి నడిచాడు. జేబులో పెన్ పిస్టల్.

"కాయ ఏ రంగు?" గుమ్మంలో తుపాకీవాడు అడిగాడు.

"పచ్చ దాటింది, ఎరుపు చేరలేదు."

కోడ్ సరిపోయింది. లోపల సిల్క్ చొక్కా, పక్కన చూపు తిప్పుకోనివ్వని మేడమ్. ఒకప్పుడు ప్రొఫెసర్ శిష్యురాలు. ఇప్పుడు ముఠాకు సరుకు కొనిపెడుతూ, చాటుగా చీఫ్‌కూ కబుర్లు చేరవేస్తుంది. రెండు పడవల మీద కాళ్ళు పెట్టిన మనిషిని ఎవరు నమ్ముతారు?

"ముసలాడు ట్యూబు వదిలితేగా! వేళ్ళు విరిచి లాక్కున్నా," సిల్క్ చొక్కా నవ్వాడు.

ముల్లు చెయ్యి పెన్ను మీదికి పోయింది. కానీ వీణ్ని కాలిస్తే తుపాకీవాడు తనను కాలుస్తాడు, ట్యూబు విమానం ఎక్కేస్తుంది. పళ్ళు బిగబట్టి టెస్ట్ చేశాడు.

"సరుకు బంగారం."

ఆ మాటంటూనే గ్లౌజు తీసేశాడు. కాగితం తిప్పేవాడిలా వేలు నాలుకకు తడి చేసుకుని, ఆ వేలితో ట్యూబు మూత లోపలంతా రుద్దాడు. ఆర్ఎన్ఏ మహా సుకుమారం. చేతి చెమట తగిలినా తునకలైపోతుంది, ఇక ఉమ్మి సంగతి చెప్పాలా? ఆ పని తెలిసినవాళ్ళెవరూ వట్టి చేత్తో ముట్టరు.

మేడమ్ చూసింది. ఆమెకు తెలుసు. ఒక్క మాటంటే ముల్లు శవమే.

"ఫ్లైట్‌కు ఆఖరి పిలుపు. సీల్ చెయ్యండి," అంది. సిల్క్ చొక్కా వైపు తిరిగింది. "నువ్వే తీసుకెళ్ళి బాస్ చేతికివ్వు. సరుక్కి పూచీ నీది."

వాడు పొంగిపోతూ వెళ్ళాడు. ఆమె ముల్లును దాటి వెళ్తూ, "ఆయన నాకు గురువు," అని మాత్రం గొణిగింది.

అన్న ఏళ్ళ కష్టాన్ని తన ఉమ్మితోనే నాశనం చేశాడు. ముల్లుకు దుఃఖం పొర్లుకొచ్చింది. అయినా కడుపు చల్లబడింది.

వారం తిరక్కుండానే చీఫ్ కబురంపాడు.

"ట్యూబులో ఉన్నది చెత్తట. మోసం చేశాడని వాణ్ని బాసే సముద్రంలో కలిపేశాడు. చంపొద్దని చెప్పానా లేదా?"

"నేను చంపలేదు సార్," అన్నాడు ముల్లు. "గ్లౌజు వేసుకోవడం మర్చిపోయానంతే."