బొమ్మిడివాళ్లు వేసిన మను

వాన వస్తే టిక్కెట్టు డబ్బు వాపసు ఇవ్వాలని మా క్లబ్బులో నిబంధన లేదు. బాలసుందరం ఇచ్చేశాడు. టిక్కెట్టు కొన్నవాళ్లకే కాదు, గోడ దూకి వచ్చినవాళ్లకూ ఇచ్చాడు. అతను మా ట్రెజరర్. నేను నేటికీ అతన్ని క్షమించలేదు.

యుద్ధం ముగిసిన మరుసటి ఏడు, తమిళ పురటాసి నెల, వానల కాలం. ధర్మపురి వీనస్ ఫుట్‌బాల్ క్లబ్బుకు నేను గోల్‌కీపర్‌ని, సెక్రటరీని కూడా. మూడు ఊళ్ల పోటీ పెట్టాము. ఫైనల్‌ను వాన మింగింది. బొమ్మిడివాళ్లకు రైలు ఖర్చు, కంబైనల్లూరువాళ్లకు బస్సు ఖర్చు, పైగా టిక్కెట్లలో వాటా ఇస్తామని సంతకం పెట్టింది నేనే. మొత్తం ఎనభై నాలుగు రూపాయలు. పెట్టెలో ఉన్నవి మూడు రూపాయలు, ఒక విజిల్.

రెండు క్లబ్బులూ మున్సిఫ్ కోర్టులో మను వేశాయి. మను అంటే పిటిషన్. తమిళ మాట. మా పక్క తెలుగువాళ్లమూ అదే అంటాము.

ఆ బుధవారం సంత వెనక ధనం కాఫీ కొట్లో క్లబ్బంతా కూర్చుంది. ఆడేవాళ్లు పదకొండు మంది, సలహా చెప్పేవాళ్లు ముప్పై మంది.

"వకీలు ఏమన్నాడు?" అన్నాడు కెప్టెన్ తంగవేల్.

"గ్రౌండు క్లబ్బుదైతే జప్తంట. వేరేవాళ్లదైతే ముట్టను వీలు కాదంట" అన్నాను.

"మరి గ్రౌండు ఎవురిది?"

ఇరవై ఏళ్లుగా ఆడుతున్నాము. ఆ ప్రశ్న ఎవరికీ పుట్టలేదు.

క్లబ్బు పెట్టె అడుగున ఒక పాత పత్రం దొరికింది. అందరి చేతులూ తిరిగింది. తెలుగు రాత. మాలో నలుగురి ఇళ్లలో మాట్లాడేది తెలుగే. ఒక్కడికీ అక్షరం రాదు. ఇంట్లో తెలుగు, బళ్లో తమిళం.

"ధనం అక్క మురుకులు పిండినట్టుంది" అన్నాడు తంగవేల్.

"నా మురుకులు తిన్న దుడ్డు ఇంకా ఇయ్యలేదు. నేనూ ఒక మను వేస్తా" అంది ధనం.

వెనక రిజిస్ట్రారు ముద్ర పక్కన ఇంగ్లీషులో ఒక పేరు కనపడింది. మునియప్ప, మహేంద్రమంగళం. ఆయన పోయి ఆరేళ్లయిందని, మనవరాలికి తెలుగు చదవను నేర్పినాడని ఎవరో అన్నారు. మర్నాడు పొద్దున్నే నేను సైకిలు తీశాను.

వాన నాకంటే ముందే ఆ ఊరు చేరింది. మునియప్ప ఇంటి తిన్నె మీద ఒక ముసలమ్మ వక్క దంచుకుంటోంది. పిల్లమ్మ, మునియప్ప భార్య. చెవుడు లేదు. అదే మంచిదయింది, లేక చెడ్డదయింది.

"ఎవురప్పా?"

"నారాయణప్పని అవ్వా, ధర్మపురి నుంచి వచ్చినాను. మను విషయంగా."

రోకలి ఆగింది. "మనువా? ఎవురికి?"

"మాకే అవ్వా. ఈ సోమవారమే."

"ఈ సోమవారమేనా! ఏమప్పా అంత అవసరం?"

"ఆలస్యమైతే పరువు పోతుంది అవ్వా. బొమ్మిడివాళ్లు ఒకటి, కంబైనల్లూరువాళ్లు ఒకటి, ఇప్పటికే వేసేసినారు."

"ఓ! రెండు పక్కల నుంచి వచ్చినారా!" అవ్వ నన్ను కిందినుంచి పైదాకా చూసింది. ఏముంది వీడిలో అన్నట్టు. "వాళ్లు ఏమడుగుతారు?"

"ఎనబై నాలుగు రూపాయలు."

"వాళ్లే అడుగుతారా? ఇదేం పద్ధతప్పా! పోనీ, నీకు ఆస్తి ఏముంది?"

"నాలుగు కంబాలు. ఒక పందు. దానికీ పంక్చరు." గోలు స్తంభాలు, బంతి అన్నమాట.

"అప్పు?"

"అదే ఎనబై నాలుగు."

"ఏ ఇంటోళ్లు మీరు?"

ఇంటిపేరు చెప్పాను. అవ్వ తల ఊపింది. "మనోళ్లే. నిజం చెప్పేవాడివి. బాగుండావు."

తలుపు వెనక ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు. సందులో ఒక కన్ను కనపడింది. ఒకటే. బంతి ఎటు వస్తుందో గోల్‌కీపర్‌కి ముందే తెలియాలి. నాకు తెలియలేదు.

ఆ కన్ను మునియప్ప మనవరాలు నాగవేణిది. పెళ్లికాని పిల్ల పరాయి మగవాడితో మాట్లాడకూడదు. అందుకని ఆమె పక్కపాకలోకి పోయి దూడతో మాట్లాడింది.

"లచ్చీ, ఆయన చేతిలో కాగితం తడిసిపోతా ఉంది. ఇటు పెట్టమను."

పాక గోడకు ఉన్న గూట్లో పెట్టాను. ఆమె తీసుకుంది. నిలబడే చదివింది. పెదవులు కదిలాయి. మధ్యలో ఆగింది. మళ్లీ మొదటినుంచి చదివింది. ముఖంలో నవ్వు పోయింది.

"ఏముంది?" అన్నాను, దూడవైపు చూస్తూ.

"లచ్చీ, ముందు నాకు ఒకటి తెలియాల. ఆ ఆటలో పందును ఎవురు చేత్తో ముట్టుకున్నా తప్పంట. ఒక్కడు పట్టుకుంటే తప్పు కాదంట. నిజమా?"

"నిజమే. వాడు గోలీ, గోల్ కాసేవాడు. నేనే."

"ఎందుకట్ల?"

పదేళ్లుగా గోల్‌లో నిలబడ్డాను. ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. "కాపాడాల గదా" అన్నాను. "అదికూడా గీత లోపలే. గీత దాటి పట్టుకుంటే నాకూ తప్పే."

దూడకు ఆ జవాబు నచ్చినట్టుంది. తోక ఊపింది.

"సరి లచ్చీ. కాగితంలో ఉన్నది సోమవారం కోర్టులోనే చదువుతాను. అంతదాకా నా దగ్గర ఉండనీ."

"ఇప్పుడే చెప్పకూడదా?"

"మను వేసినవాళ్ల ముందర చెప్తాను. మను" అంది ఆమె, ఆ మాటను నొక్కి. మళ్లీ దగ్గు వచ్చింది.

నేను కాగితం వదిలి వచ్చేశాను. ఎందుకు వదిలానో చెప్పలేను.

కాఫీ కొట్లో తంగవేల్ నెత్తి కొట్టుకున్నాడు. "డేయ్, ఉన్న ఒక్క కాగితాన్ని ఒక పొన్ను పిల్ల చేతిలో పెట్టి వచ్చినావా?"

"నమ్మకంగా ఉండింది."

"మొగం చూసినావా?"

"ఒక కన్ను చూసినాను."

"ఒక కంటికి గ్రౌండు ఇచ్చేసినాడురా సెక్రటరీ!"

ముప్పై మంది సలహాదారులూ నవ్వారు. ఎవరెవరు నవ్వారో నాకు గుర్తుంది.

నాలుగు రాత్రులు నిద్ర లేదు. కాగితంలో ఏముంది? ఎందుకు రెండుసార్లు చదివింది? నవ్వు ఎందుకు పోయింది? గ్రౌండు గురించి ఆలోచించడం మొదలుపెట్టేవాణ్ని. కంటి దగ్గర ఆగేవాణ్ని.

సోమవారం కోర్టు వసారాలో బొమ్మిడివాళ్లు ఏడుగురు, కంబైనల్లూరువాళ్లు ఐదుగురు నిలబడ్డారు. జప్తు ఖాయమని బండి కూడా తెచ్చుకున్నారు. పది దాటింది. ఆమె రాలేదు. తంగవేల్ నావైపు చూడడం మానేశాడు.

పదిన్నరకు వానలో ఎద్దుల బండి వచ్చింది. ముందు ఆమె తండ్రి చిక్కప్ప దిగాడు. పెద్ద మీసం. నన్ను చూసి, "వీడేనా?" అన్నాడు. జవాబు కోసం ఆగలేదు.

లోపల నాగవేణి తెలుగు చదివింది. వకీలు గుమాస్తా తమిళంలో చెప్పాడు. మున్సిఫ్‌గారు ఇంగ్లీషులో రాసుకున్నారు.

"ఈ నేల పిలకాయలు ఆట ఆడుకొనుటకు మాత్రమే. అమ్మరాదు, తాకట్టు పెట్టరాదు. ఆడినంతకాలము వారు ఆడుకొనవలెను. ఆట నిలిచిననాడు ఈ నేల నా మనవరాలు నాగవేణికి చేరవలెను."

నాకప్పుడు తెలిసింది రెండుసార్లు ఎందుకు చదివిందో. ఆ కాగితం పొయ్యిలో పెట్టి ఉంటే క్లబ్బు కూలేది, దాని నకలు మాత్రం రిజిస్ట్రారు కచేరీలో భద్రంగా ఉండేది. ఆట నిలిచాక ఆ నకలు తీసుకుని వచ్చి ఉంటే నేల తనది. ఆమె సోమవారమే వచ్చింది.

నేల క్లబ్బుది కాదని తేలింది. ముట్టను వీల్లేదు. కంబాలు, బంతి మాత్రం క్లబ్బువే. కోర్టు నుంచి అందరమూ గ్రౌండుకు వచ్చాము, చిక్కప్ప బండి కూడా. బొమ్మిడివాళ్లు రెండు కంబాలు, కంబైనల్లూరువాళ్లు రెండు కంబాలు పెరికి బండికెత్తారు. బంతి కోసం వాళ్లలో వాళ్లు కొట్టుకున్నారు. పంక్చరని ఎవరూ చెప్పలేదు.

చిక్కప్ప నా ముందుకు వచ్చాడు.

"కోర్టు సంగతి అయింది. ఇప్పుడు మనువు సంగతి చెప్పు."

"అదే అయింది గదా మామా" అన్నాను. మామా అని ఎందుకు వచ్చిందో నోటికి!

"ఏది అయింది? నువ్వు ఇంటికొచ్చి పిల్లను అడిగినావని మా అమ్మ ఊరంతా చెప్పింది. బొమ్మిడి సంబంధం, కంబైనల్లూరు సంబంధం వద్దని వచ్చినావంట. ఎవురు వాళ్లు?"

కంబాలు మోస్తున్నవాళ్లను చూపించాను. "వాళ్లే."

చిక్కప్ప చాలాసేపు వాళ్లను చూశాడు. ఒకడి కాలికి బురద, ఒకడి బుజాన కంబం. తర్వాత కూతుర్ని చూశాడు. ఆమె బండి చక్రాన్ని చూస్తోంది. భుజాలు కదులుతున్నాయి.

"నీకు ముందే తెలుసునా పాపా?"

"అవ్వకు సంతోషంగా ఉండింది నాయినా. చెరపను మనసు రాలేదు."

ఆమె నావైపు తిరిగింది. అక్కడ దూడ లేదు. మొదటిసారి నన్నే అడిగింది.

"నువ్వు వచ్చింది దేనికి? మనుకా, మనువుకా?"

బొమ్మిడి కెప్టెన్ కంబం దించి నిలబడ్డాడు. నేను వాన వైపు చూశాను. అదీ సాయం చేయలేదు.

"వచ్చింది మనుకే" అన్నాను. "అది అయిపోయింది. ఇంకొకటి మిగిలింది."

"అక్షరం రాదు. అప్పు ఉంది. పందుకు పంక్చరు" అన్నాడు చిక్కప్ప, వేళ్లు మడుస్తూ. "అప్పు, పంక్చరు మా అమ్మకు ముందే చెప్పినాడు. ఇన్ని చెడ్డలు తానే చెప్పుకున్న పెండ్లికొడుకును నేను చూడలేదు." మీసం కింద ఏదో కదిలింది. "అక్షరాలు నేర్చుకుంటావా?"

"నేర్పితే."

బండి ఎక్కబోతూ ఆమె జారింది. చేయి పట్టుకున్నాను.

"ఇది గీత లోపలేనా?" అంది నాకు మాత్రం వినిపించేట్టు.

"మీ నాయిన్ని అడుగు."

"లోపలే, లోపలే. ఎక్కించు, తడుస్తా ఉంది" అన్నాడు చిక్కప్ప.

నెల తిరక్కుండానే బొమ్మిడివాళ్లు వచ్చారు. వాళ్ల దగ్గర రెండు కంబాలు, కంబైనల్లూరువాళ్ల దగ్గర రెండు. నేల ఎవరి దగ్గరా లేదు. రెండు ఊళ్లవాళ్లూ కంబాలు తెచ్చి మా గ్రౌండులోనే పాతారు. ఫైనల్ జరిగింది. ఈసారి వాన రాలేదు. టిక్కెట్ల దగ్గర బాలసుందరాన్ని కూర్చోబెట్టలేదు. అప్పు తీరింది. మేము ఓడిపోయాము. నేను బంతి వైపు చూడడం లేదని తంగవేల్ అన్నాడు. అది నిజం.

తై నెలలో, సంక్రాంతి దాటాక, పెళ్లి. పాకలో, దూడ పక్కన, పలక మీద అ ఆలు నేర్చుకున్నాను. ఒత్తులు వేయడం చివరిదాకా సరిగా రాలేదు. కాగితం మీద రాసినవి నాగవేణి ఎర్ర పెన్సిలుతో దిద్దేది, నవ్వేది.

ఇదంతా ఆ అక్షరాలతోనే రాశాను. ఒత్తులు తప్పితే తప్పినట్టే ఉంటాయి. దిద్దే మనిషి ఇక లేదు.