పిలుస్తానే ఉండు నాయనా

ఆదివారం పొద్దున మైదుకూరులో గురుస్వామి ఇంట్లోంచి ఉగ్గాని, మిరపకాయ బజ్జీల వాసన వీధి దాకా వస్తోంది. బట్టల కొట్టుకు ఆయన ఆ రోజు సెలవిచ్చాడు. బనగానపల్లెలో భార్య అక్క కట్టుకున్న కొత్త ఇంటికి మధ్యాహ్నం భోజనాలకు వెళ్లాలి. కర్నూలులో ఎంబీబీఎస్ రెండో ఏడాది చదువుతున్న కూతురు చౌడేశ్వరి ముందురోజే వచ్చింది. ఇంట్లో అందరికీ ఆమె ఈశ్వరి. చాలా వారాల తర్వాత రావడంతో తల్లి నాగజ్యోతి ఆమె ప్లేటు ఖాళీ కానివ్వడం లేదు.

గురుస్వామి మంచి హుషారు మీదున్నాడు. తాతల కాలం నుంచి మగ్గం మీద బతికిన ఇంట్లో మొదటి డాక్టరు ఈశ్వరే. కొట్టు వెనక ఖాళీ జాగాలో ఆసుపత్రి కట్టాలనీ, కూతురు కాన్పుల డాక్టరై అందులో కూర్చోవాలనీ ఆయన ఎప్పుడో అనుకున్నాడు. రోడ్డు మీదికి కనబడేలా ఆమె పేరు బోర్డు ఎక్కడ పెట్టాలో భార్యకు చెబుతుండగా ఈశ్వరి తినడం ఆపింది.

"నాయనా, నేను కాన్పుల డాక్టరు చదవను. ఎమర్జెన్సీ మెడిసిన్ చదువుతా."

ఆయనకు అర్థం కాలేదు. క్యాజువాలిటీలో ఉండే డాక్టరని ఆమె విడమరిచి చెప్పింది. ప్రాణం మీదికి వచ్చినవాళ్లను మొదట చూసేది వాళ్లేననీ, ఆ పీజీ సీట్లు తక్కువ కాబట్టి మొదటి ఏడాది నుంచే తయారవుతున్నాననీ అంది. ఆగిన గుండెను ఛాతీ మీద నొక్కి ఎలా నడిపించాలో బొమ్మల మీద నేర్చుకుంది. ఈసీజీలు చదవడం సాధన చేస్తోంది. మైదుకూరు నుంచి కర్నూలు పోయే రోడ్డు మీద దెబ్బలు తగిలినవాళ్లు ఆసుపత్రికి చేరడానికి ఎందుకు ఆలస్యమవుతోందో ఒక చిన్న పరిశోధన కూడా మొదలుపెట్టింది. ఆఖరికి అసలు సంగతి కూడా దాచలేదు. స్పెషల్ క్లాసులున్నాయని చెప్పి ఇంటికి రాని ఆదివారాలన్నీ ఆమె క్యాజువాలిటీలోనే గడిపింది. అక్కడి పెద్ద డాక్టరు కృపమణి అనుమతితో, ఆమె పక్కన నిలబడి, ఎవరిని ముందు చూడాలో నేర్చుకుంటోంది.

కూతురు అబద్ధం చెప్పగలదని గురుస్వామి ఎప్పుడూ అనుకోలేదు.

"తాగి కొట్టుకున్నోళ్లు, పురుగుల మందు తాగినోళ్లు, పోలీసులు. ఆ గదిలోనా నువ్వుండేది? ఆడ నిన్ను చూసిన మనిషికి నీ పేరైనా గుర్తుంటాదా?" అన్నాడు.

గుర్తుండకపోయినా ఫరవాలేదని ఆమె అనేసరికి ఆయన చెయ్యి కడుక్కుని లేచిపోయాడు.

కారు వాళ్ల వీధిలోని పెద్ద ఈరన్నది. పెళ్లిళ్లకూ ప్రయాణాలకూ ఆ వీధి వాళ్లందరినీ ఆయనే తిప్పుతాడు. గురుస్వామి ముందు సీట్లో కూర్చున్నాడు, తల్లీకూతుళ్లు వెనక. ఈరన్న ఎండల గురించీ, ఈసారి మామిడి కాపు గురించీ ఏదో మాట్లాడబోయి, ఎవరూ పలకకపోయేసరికి ఊరుకున్నాడు. చాగలమర్రి దాటాక రోడ్డు మీదికి ఒక బర్రె అడ్డంగా వచ్చింది. ఈరన్న పక్కకు తిప్పాడు. కారు రోడ్డు దిగి తుమ్మచెట్టుకు గుద్దుకుంది.

గురుస్వామికి తెలివి వచ్చేసరికి తలుపు తెరుచుకుని నేల మీద పడి ఉన్నాడు. కుడి చెయ్యి మోచేతి కింద వంకర తిరిగి ఉంది. నుదుటి మీద నుంచి రక్తం కంట్లోకి దిగుతోంది. నొప్పి ఒక్కసారిగా తెలిసి, "ఈశ్వరీ, ఓ ఈశ్వరీ" అని అరిచాడు.

ఈశ్వరి వెనక తలుపు తీసుకుని దిగింది. ఆయన ఎదుటే నిలబడింది. ఆయన మొహం వంక, చేతి వంక, నేల మీద పడిన రక్తం వంక చూసింది. "నొప్పమ్మా, చెయ్యి విరిగినట్టుండాది" అన్నాడాయన. ఆమె వంగలేదు. ఆయన కాళ్ల మీదుగా అడుగు వేసి, కారు చుట్టూ తిరిగి అవతలి వైపుకు పోయింది.

గురుస్వామి నిర్ఘాంతపోయాడు. కన్నకూతురు తనను దాటుకుని పోయింది.

పెదవి చిట్లిన నాగజ్యోతి కారు దిగి వచ్చి, ఆయన్ను లేపి కూర్చోబెట్టి, కొంగుతో నుదురు అదిమిపట్టింది. తెరిచిన తలుపులోంచి ఆయనకు కూతురు కనబడుతూనే ఉంది. స్టీరింగు ముందు ఈరన్న తల ఛాతీ మీదికి వాలిపోయి ఉంది. ఈశ్వరి వెనక సీట్లోకి ఎక్కి, ఆయన తలను రెండు చేతుల మధ్య కదలకుండా పట్టుకుని, దవడను వేళ్లతో పైకెత్తింది. గురక లాంటి ఒక వికారమైన శబ్దం వచ్చింది, తర్వాత ఊపిరి. మోటారు సైకిళ్ల మీద పోతున్నవాళ్లు ఆగి ఈరన్నను బయటికి లాగబోతే, మెడకు దెబ్బ తగిలి ఉండొచ్చు, ముట్టుకోవద్దని గట్టిగా చెప్పింది. ఒకరిని 108కి ఫోన్ చెయ్యమంది. ఒకరి చేత ఈరన్న నోట్లోని రక్తం గుడ్డతో తుడిపించింది.

గురుస్వామి మళ్లీ పిలిచాడు. ఆమె తల తిప్పలేదు. గొంతు మాత్రం వచ్చింది.

"పిలుస్తానే ఉండు నాయనా. గమ్మున ఉండొద్దు."

ఆ మాట ఆయనకు ఎక్కడో తగిలింది. ఆయన నోరు మూసుకున్నాడు. ఆ తర్వాత ఆమె తల్లిని ఏదో అరిచి అడిగినా పట్టించుకోకుండా, అంబులెన్సు వచ్చేదాకా ఒక్క మాట మాట్లాడలేదు.

నంద్యాల ఆసుపత్రిలో ఆయన చేతికి కట్టు వేశారు, నుదుటికి కుట్లు పడ్డాయి. ఈరన్న తలకు ఆపరేషను జరిగింది. మెలకువ వచ్చి భార్యను గుర్తుపట్టాడని తెలిసేదాకా ఈశ్వరి అక్కడి వరండా వదల్లేదు. మైదుకూరు చేరాక తండ్రి ఆమెతో మాట్లాడడం మానేశాడు. చేతి వేళ్లు వాచాయా చూస్తానని దగ్గరికి వస్తే మొహం గోడవైపు తిప్పుకునేవాడు. నాగజ్యోతి ఇద్దరి మధ్యా అన్నం పళ్లేలు మోస్తూ తిరిగింది.

బనగానపల్లె పెద్దమ్మ పరామర్శకు వచ్చింది. మంచం పక్కన కూర్చుని, అంతా విని, ఈశ్వరి వైపు తిరిగింది. కన్నతండ్రి నెత్తురు కారుతూ పడి ఉంటే కాళ్ల మీదుగా దాటి బయటివాడి దగ్గరికి పోయే చదువు ఏం చదువని అడిగింది. ఈశ్వరి నీళ్ల చెంబు తీసుకుని గదిలోంచి బయటికి పోబోయింది. ఆ పోవడమే గురుస్వామికి ఓర్చుకోలేనిదైంది.

"నేను పిలిచినా. నా మొగం చూసినావు. చూసి కూడా దాటుకుని పోయినావు. నేను నీకు ఏమీ కానా?"

ఈశ్వరి తలుపు దగ్గరే నిలబడిపోయింది.

"నువ్వు పిలిచినావు కాబట్టే పోయినా నాయనా. పిలిచే మనిషికి ఊపిరి ఆడతాండాది. ఈరన్న మామ పిలవలా. క్యాజువాలిటీలో మొదటి రోజే కృపమణి మేడం చెప్పింది, అరిచేటోళ్లను కాదు, సప్పుడు లేనోళ్లను ముందు చూడమని. ఆయన నాలుక గొంతుకు అడ్డం పడింది. చేతులు తీస్తే ఊపిరి ఆగిపోతాది."

"సరే. ఒక్క మాటైనా చెప్పి పోగూడదా?"

"చెప్పల్సిండె. నాకు నోరు రాలే." ఆమె తలుపు రెక్క పట్టుకుంది. "నేనేం పెద్ద డాక్టర్ని కాదు. కడుపులో యాడన్నా నెత్తురు కారుతాందేమో, చూస్తే నాకు తెలీదు. నీ గొంతొక్కటే నాకు ఆధారం. చేతులు ఆయన మీద పెట్టి, చెవులు నీ మీద పెట్టుకున్నా. అందుకే పిలుస్తానే ఉండమన్నా. నువ్వు గమ్మునైపోయినావు."

పెద్దమ్మ తల తిప్పి గురుస్వామి వంక చూసింది. ఈశ్వరి ఆపలేదు.

"నువ్వు పోయినావనుకున్నా నాయనా. చేతులు వదిలేసి నీ దగ్గరికి ఉరకాలని ఉండె. వదిలితే ఆయన పోతాడు. ఏం చెయ్యాల్నో నాకు తెలీలే. అమ్మా, నాయన మాట్లాడతాండాడా అని అరిస్తే, కూర్చోనుండాడు, ఏడుస్తాండాడు అనింది అమ్మ. ఆ మాట వినేదాక నేను…"

ఇన్నాళ్లూ ఒక్క చుక్క కూడా రాల్చని పిల్ల, తలుపు పట్టుకుని చిన్నపిల్లలా ఏడ్చింది. అంబులెన్సులో అది నీళ్ల సీసా మూత కూడా తీసుకోలేకపోయిందనీ, తనే తీసి తాగించాననీ నాగజ్యోతి మెల్లగా చెప్పింది. పెద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

గురుస్వామి మంచం మీద లేచి కూర్చున్నాడు. ఆ రోజు చెట్టు కింద తను మౌనంగా కూర్చున్న ఆ కాసేపు ఆయనకు ఇప్పుడు ఇంకోలా కనబడింది. తను ఎవరిని శిక్షించాలనుకున్నాడో, ఆ పిల్ల తన శవాన్ని వెనక పెట్టుకున్నానని నమ్ముతూ కూడా ఇంకొకరి ప్రాణాన్ని చేతుల్లోంచి జారనివ్వలేదు.

"ఈశ్వరీ," అన్నాడు. "నొప్పికి కాదమ్మా. తెలివి తప్పీ కాదు. నువ్వు నా దిక్కు తిరగలేదని రోషంతో గమ్మునుండా. కావాలనే గమ్మునుండా."

ఈశ్వరి తలెత్తి చూసింది. ఆ మాట అర్థం కావడానికి ఆమెకు కొంచెంసేపు పట్టింది. కోపంతో ఏదో అనబోయింది. అంతలోనే వచ్చి మంచం మీద ఆయన పక్కన కూలబడింది.

"ఇంకెప్పుడూ అట్లా చెయ్యొద్దు నాయనా," అంది.

"చెయ్యనమ్మా."

ఆయన కట్టు వేసిన చేతిని మెల్లగా ఆమె ఒడిలో పెట్టాడు. వేళ్లు బాగా వాచి ఉన్నాయి. ఆమె కన్నీళ్లు తుడుచుకుని, ఒక్కో గోరూ నొక్కి, రంగు తిరిగి వచ్చి నెత్తురు ఆడుతోందో లేదో చూడసాగింది. గురుస్వామి మాత్రం చేతి వంక చూడలేదు. కూతురి మొహాన్నే, కొత్త మనిషిని చూసినట్టు చూస్తూ కూర్చున్నాడు.